ఉప్పు మందైతే మోతాదు చెప్పండి

సంపాదకులకు,

కీళ్ళవాతం, సొరియాసిస్, ఉబ్బసం, పెద్దపేగు పుండ్లు, ఏళ్ళ తరబడి వదలని సైనస్. వీటన్నిటి వెనకా ఒంట్లో ఆరని వాపు ఉంటుందనీ, దాన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారనీ ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ తెలివిడి వెంటే ఇంకో మాట కూడా ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది. ప్యాకెట్ ఉప్పు మానేసి సైంధవ లవణమో, గులాబీ ఉప్పో, శుద్ధి చెయ్యని సముద్రపు ఉప్పో వాడాలట. పొద్దున్నే పరగడుపున ఆ ఉప్పునీళ్ళు ఒక చెంచా తాగితే వాపు దానంతట అదే తీస్తుందట. చెన్నైలో నాటుమందుల కొట్లో ఇందుప్పు అని అడిగితే ఇచ్చే రాయి ఈ సైంధవ లవణమే. తెలుగు ఇళ్ళకు కొత్త వస్తువేమీ కాదు, దానికి కట్టిన బిరుదులే కొత్తవి.

ఉప్పును మందు అంటే మాకేమీ అభ్యంతరం లేదు. అయితే మందన్నాక మోతాదు చెప్పాలి. ఎవరికి పడదో, ఏ మందుతో కలిస్తే చెడుతుందో కూడా చెప్పాలి. ఉప్పు వైద్యం వీడియోల్లో ఇవే కనబడవు. ఆహారం, మందుల రంగాల్లో పనిచేసేవాళ్ళంగా ఆ లెక్కలు ఇక్కడ రాస్తున్నాం.

ముందు అసలు ఆ ఉప్పులో ఏముందో చూద్దాం. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పాండిచ్చేరి వైపు వెళ్తే మరక్కాణం దగ్గర రోడ్డుకు పక్కనే ఉప్పుమళ్ళు కనిపిస్తాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఎండకు నీరు ఇగిరేకొద్దీ ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగున దిగుతాయి. నీటి చిక్కదనం 25 డిగ్రీల బామే దగ్గరికి వచ్చాక మనం తినే ఉప్పు పలుకు కడుతుంది. 29, 30 డిగ్రీలు దాటనిస్తే మెగ్నీషియం లవణాలు కూడా దిగడం మొదలై ఉప్పు చేదెక్కుతుంది. అందుకే ఆ లోపే చేదునీరు బయటికి వదిలేస్తారు. ఆ పని సరిగ్గా జరగని ఉప్పు వానాకాలంలో జాడీలో నీరు కారుతూ ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకోవడమే దానికి కారణం. 'సహజమైన తేమ ఉన్న ఉప్పు' అని ఎక్కువ ధరకు అమ్మేది చాలాసార్లు ఇదే. దాన్ని శుద్ధత అనుకోవడం వింతగానే ఉంటుంది.

గులాబీ ఉప్పు సముద్రానిది కాదు. పాకిస్తాన్ పంజాబులో ఖేవ్రా గనిలో తవ్వుతారు. ఎప్పుడో ఎండిపోయిన సముద్రపు రాయి అది. ఆ రంగు ఇనుప ఆక్సైడుది, అంటే తుప్పుది. అందులో 97, 98 శాతం సోడియం క్లోరైడే. మిగిలిన రెండు మూడు శాతంలోనే తేమ, మట్టి, జిప్సం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం అన్నీ సర్దుకోవాలి. రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే మూడు శాతం చొప్పున ఆ మిగతావన్నీ కలిపి 150 మిల్లీగ్రాములు. అదంతా ఒక్క మెగ్నీషియమే అనుకున్నా రోజు అవసరంలో సగం కూడా రాదు. నిజానికి అందులో మెగ్నీషియం ఉండేది ఆ 150లో చిన్న భాగం. అదే 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 140 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటుంది. ఖనిజాల కోసమే అయితే కేళ్వరకు కూళ్ అమ్మే బండి దగ్గర ఒక చెంబు రాగి అంబలి తాగడం చవక, మేలు.

గులాబీ ఉప్పులో 84 ఖనిజాలు ఉన్నాయని అమ్మేవాళ్ళు చెప్పే మాట కూడా నిజమే కావచ్చు. అంత సున్నితమైన యంత్రంతో వెతికితే ఏ రాయిలోనైనా దొరుకుతాయి. ఆ జాబితాలో సీసం, ఆర్సెనిక్ కూడా ఉంటాయని మాత్రం ఎవరూ చదివి వినిపించరు. ఆస్ట్రేలియాలో అమ్మే 31 గులాబీ ఉప్పు నమూనాలను పరీక్షించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది రెండు సంగతులు. ఆ ఖనిజాలు ఒంటికి చెప్పుకోదగినంత అందాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా ఉప్పు తినాలి. ఒక నమూనాలోనైతే సీసం అక్కడి పరిమితిని దాటింది. 30 గ్రాముల ఉప్పు అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు ఆరు రెట్లు. ఆ సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, సోడియం లెక్కన 2000 మిల్లీగ్రాముల లోపు. రాయి ఉప్పైనా, పొడి ఉప్పైనా, నల్ల ఉప్పైనా గ్రాముకు దగ్గర దగ్గర 390 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది.

ఇక ఆ పరగడుపు చెంచా. సీసాలో రాళ్ళుప్పు వేసి నీళ్ళు పోసి, ఇంక కరగనంత వరకు ఉంచి, పైన తేరిన నీటిని ఒక చెంచా గ్లాసుడు నీళ్ళలో కలుపుకుని తాగమంటారు. ఉప్పు కరగడం ఆగిపోయిన నీళ్ళలో బరువులో 26 శాతం ఉప్పే. ఆ నీరు మామూలు నీటికంటే బరువు కూడా, కాబట్టి 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా 6 గ్రాములు తూగుతుంది. అందులో ఉప్పు 1.6 గ్రాములు, సోడియం 620 మిల్లీగ్రాములు. ఇంకా ఇడ్లీ తినకముందే రోజు కోటాలో మూడో వంతు లోపలికి పోయింది. కొందరు చెప్పే పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు అయితే 4.7 గ్రాములు. ఆ రోజుకు సాంబారు, పెరుగన్నం, అప్పడం అన్నీ ఉప్పు లేకుండా తినగలిగితేనే లెక్క సరిపోతుంది.

ఒంట్లో నిలిచిన ప్రతి 9 గ్రాముల ఉప్పూ ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. మూత్రపిండాలు బాగున్నవాళ్ళకు అది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అయితే ఈ వైద్యం వెతుక్కునేది ఎవరో ఒకసారి ఆలోచించండి. దీర్ఘకాలిక వాపుతో బాధపడేవాళ్ళు. వాళ్ళలో చాలామంది అప్పటికే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడో, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి నొప్పి మాత్రో వాడుతూ ఉంటారు. ఈ రెండు జాతుల మందులూ మూత్రపిండాల్లో సోడియం బయటికి పోకుండా ఆపుతాయి. పైగా నొప్పి మాత్రలు టెల్మిసార్టాన్, రామిప్రిల్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి బీపీ మందుల పని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి వాడేవాళ్ళ మూత్రపిండాలు ఎండాకాలంలో నీరు తగ్గితే చాలు దెబ్బతింటాయి. అలాంటి ఒంటికి ఉప్పు చెంచా అదనంగా ఇస్తే కాళ్ళ వాపు, ముఖం ఉబ్బు, బీపీ పెరుగుతాయి. అప్పుడు దాన్ని 'విషాలు బయటికి వస్తున్నాయి' అని సర్దిచెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. వారంలో రెండు కిలోలు బరువు పెరిగితే అది విషం కాదు, నీరు. మానసిక జబ్బుకు లిథియం వాడేవాళ్ళు ఉప్పు ఒక్కసారిగా పెంచినా తగ్గించినా రక్తంలో ఆ మందు స్థాయి మారిపోతుంది. వాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఏదీ మార్చకూడదు.

ఉప్పు వాపును తగ్గిస్తుందన్న మాటకు పరిశోధనలు తోడు రావడం లేదు, ఎదురే వస్తున్నాయి. 2013లో నేచర్ పత్రికలో ఒకేసారి రెండు పరిశోధనలు వచ్చాయి. ఉప్పు ఎక్కువైనప్పుడు టీహెచ్17 అనే, వాపు పెంచే రోగనిరోధక కణాలు ఎక్కువ తయారయ్యాయనీ, ఎలుకల్లో నరాల పొరను తినేసే జబ్బు ముదిరిందనీ వాటిలో తేలింది. ఎలుకల్లో తేలిందంతా మనిషికి వర్తిస్తుందని మేము అనడం లేదు. కానీ ఉప్పు పెంచమనడానికి అందులో ఆధారం వెతకడం మాత్రం కుదరదు.

ఆయుర్వేదం పేరు చెప్పి ఈ వైద్యం అమ్మేవాళ్ళకు చరక సంహితనే చూపించవచ్చు. ఉప్పుల్లో సైంధవం మేలైనదని అందులో ఉంది, నిజమే. అదే గ్రంథం విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడకూడనివి మూడు చెప్పారు: పిప్పళ్ళు, క్షారం, ఉప్పు. ఉప్పు విపరీతంగా తినేవాళ్ళకు నీరసం, అకాలంలో బట్టతల, వెంట్రుకలు నెరవడం, ముడతలు వస్తాయని కూడా రాశారు. సగం శ్లోకం చదివి సరుకు అమ్మడం శాస్త్రం కాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఉప్పులో లేదు, ఉప్పును నమ్మి మానేసే మందులో ఉంది. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ఎముకలు కొరుక్కుపోయేది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ ఆ కొరుకుడును చాలావరకు అదుపు చేస్తుంది. మానేస్తే మర్నాడే నొప్పి రాదు, కొన్ని వారాలు బాగానే ఉంటుంది. ఆ బాగున్న వారాల పేరు ఉప్పుకు దక్కుతుంది. తర్వాత జబ్బు తిరగబెట్టేసరికి వేళ్ళు వంకర పోయి ఉంటే ఏ మందూ వాటిని సరిచెయ్యదు. స్టెరాయిడ్ మాత్రలు మూడు వారాలకు మించి వాడినవాళ్ళు హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పొద్దున లేవగానే కీళ్ళు అరగంటకు పైగా బిగుసుకుపోవడం, వేళ్ళ మొదళ్ళు ఉబ్బడం ఆరు వారాలైనా తగ్గకపోతే వెళ్ళాల్సింది ఉప్పు దుకాణానికి కాదు, రుమటాలజిస్ట్ దగ్గరికి.

మరి తగ్గిందని చెప్పేవాళ్ళంతా అబద్ధం ఆడుతున్నారా? లేదు. ఈ జబ్బులు పోటూ పాటూ ఉన్నవి. నొప్పి బాగా ముదిరినప్పుడే మనిషి కొత్త వైద్యం మొదలుపెడతాడు, ముదిరినది కొన్నాళ్ళకు దానంతట అదే కాస్త దిగుతుంది. ఇంకోటి, ఉప్పు మార్చేవాళ్ళు అదే వారం చిప్స్, బేకరీ, హోటల్ భోజనం కూడా మానేస్తారు. వంటగదిలో జరిగే చిన్న సంగతి ఒకటుంది. పొడి ఉప్పు చెంచాకు 6 గ్రాములు తూగితే, పలుకులుగా ఉన్న ఉప్పు సందుల్లో గాలి ఉండటం వల్ల అదే చెంచాకు తక్కువ తూగుతుంది. రోజూ వేసే రెండు చెంచాలే వేస్తే తెలియకుండానే ఉప్పు తగ్గి బీపీ కాస్త దిగుతుంది. ఆ మేలు ఉప్పు తగ్గడం వల్ల వచ్చింది. కొన్నాళ్ళకు చప్పగా ఉందని అర చెంచా అదనంగా వేయడంతో అదీ పోతుంది.

అయినా ప్రయత్నించి చూస్తామనేవాళ్ళు ఇలా చెయ్యండి. ఉప్పునీళ్ళు తాగకండి. ఇప్పుడు వాడే ఉప్పుకు బదులు మాత్రమే సైంధవం వాడండి, చెంచాతో కాక తూకంతో, గ్రాముకు గ్రాము. మొదలుపెట్టే ముందు ఒకే ల్యాబులో, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, మూత్రపిండాల సంగతి చెప్పే క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ చేయించుకోండి. వాపుకే చేసే ఇంకో పరీక్ష ఈఎస్ఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, రక్తం తక్కువైనా వయసు పెరిగినా అది ఎక్కువే చూపిస్తుంది. ఒక వారం పాటు పొద్దున, సాయంత్రం బీపీ రాసి పెట్టుకోండి. మందులు ఒక్కటి కూడా మార్చకుండా ఆరు వారాలు వాడి మళ్ళీ అవే పరీక్షలు చేయించండి. సీఆర్‌పీ కదలకపోతే ఆ రాయి మీకు రుచి తప్ప ఇంకేమీ ఇవ్వలేదని అర్థం. గర్భిణులు, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్ళు ఈ ప్రయోగం జోలికి పోవద్దు. దానికి కారణం అయోడిన్.

గులాబీ ఉప్పులో, మామూలు రాళ్ళుప్పులో అయోడిన్ లేనట్టే లెక్క. సముద్రపు ఉప్పు కాబట్టి అయోడిన్ ఉండే ఉంటుందని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటారు. లీటరు సముద్రపు నీటిలో అయోడిన్ 60 మైక్రోగ్రాములకు మించదు. ఆ లీటరుకు 35 గ్రాముల ఉప్పు వస్తుంది. ఒక్క చుక్క కూడా పోకుండా అంతా ఉప్పులోనే నిలిచినా గ్రాముకు రెండు మైక్రోగ్రాములు రావు, రోజుకు 5 గ్రాములు తింటే పది లోపు. పెద్దవాళ్ళకు కావలసింది 150, గర్భిణికి 250. అయోడిన్ కలిపిన ఉప్పులో అది దుకాణంలో 15 పీపీఎంకు, అంటే కిలోకు 15 మిల్లీగ్రాములకు, తగ్గకూడదని మన నిబంధన. అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మడం దేశమంతటా 2006 నుంచి నిషేధం. పచ్చళ్ళ నిల్వకు, పశువులకు, పరిశ్రమలకు, మందుల తయారీకి అమ్మవచ్చు. గుజరాత్ తర్వాత ఎక్కువ ఉప్పు పండేది తూత్తుకుడి ఉన్న ఈ తమిళనాడులోనే. కల్లుప్పు చవకగా, చేతికి అందేంత దూరంలో దొరకడం వల్ల ఇక్కడ ఇళ్ళలో అయోడిన్ లేని ఉప్పు వాడకం ఇంకా పోలేదు. ఆవకాయకు కల్లుప్పు దంచి వేసుకోండి, పచ్చడి రుచి విషయంలో మేము తగువుకు రాము. కూరలోకి, పప్పులోకి మాత్రం ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అన్న మాట, నవ్వే సూర్యుడి గుర్తు చూసి కొనండి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టి, వంట చివర్లో వేయండి.

ప్యాకెట్ ఉప్పులో సైనైడ్ ఉందన్న పుకారుకు రెండు మాటలు చాలు. ఉప్పు గడ్డకట్టకుండా పొటాషియం ఫెర్రోసైనైడ్ కలుపుతారు, కిలోకు 10 మిల్లీగ్రాములకు మించకూడదు. ఇనుముతో గట్టిగా ముడిపడి ఉన్న ఆ సైనైడ్ వంట వేడికి విడిపోదు. రోజుకు 5 గ్రాముల ఉప్పులో అది 0.05 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒప్పుకున్న హద్దు 1.5 మిల్లీగ్రాములు.

ఇంత చెప్పాక ఉప్పుకు వైద్యంలో చోటే లేదనుకోకండి. ఉంది, ఒంటి బయట. దీర్ఘకాలిక సైనస్ వాపుకు ఉప్పునీటితో ముక్కు కడగడం డాక్టర్లూ చెప్పే పద్ధతే. యోగంలో దీన్ని జలనేతి అంటారు. అయోడిన్ లేని శుద్ధమైన ఉప్పు కావలసింది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే అయోడిన్ కొందరి ముక్కులో మంట పుట్టిస్తుంది. లీటరు నీటికి 9 గ్రాములు, అంటే మెత్తగా పొడి చేసి పైన గీసి సమం చేసిన ఒకటిన్నర చిన్న చెంచాలు. తూకం ఉంటే మరీ మంచిది. ఉప్పు తక్కువైనా మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. మంట పుడితే చాలామంది ఇంకా నీళ్ళు కలుపుతారు, ఉప్పు తక్కువై పుట్టిన మంటైతే దాంతో ఇంకా పెరుగుతుంది. కొలతే తప్పిందని గుర్తించాలి. కావాలంటే చిటికెడు వంట సోడా కలపవచ్చు.

నీటి విషయంలో అశ్రద్ధ పనికిరాదు. మెట్రో వాటర్ (కుళాయి నీళ్ళు) కానీ, బోరు నీళ్ళు కానీ, ఇంటికి వచ్చే క్యాన్ నీళ్ళు కానీ, ఆర్ఓ నీళ్ళు కానీ నేరుగా ముక్కులోకి పోయకూడదు. నీరు తెర్లకాగాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి. నేగ్లేరియా ఫౌలేరి అనే అమీబా తాగితే ఏమీ చెయ్యదు, ముక్కు గుండా పోతే మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. అరుదే, కానీ వస్తే బతికేవాళ్ళు చాలా తక్కువ. వాష్‌బేసిన్ మీదికి వంగి, తల పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కులోకి 100 మిల్లీలీటర్ల దాకా మెల్లగా పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. తర్వాత రెండో వైపు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటే బలవంతంగా పొయ్యకండి, నీరు చెవివైపు పోతుంది. చీదేటప్పుడు రెండు ముక్కులూ నొక్కి పట్టకండి, కారణం అదే. కడిగిన గంటలోపు పడుకోవద్దు. డాక్టర్ స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చి ఉంటే కడిగిన తర్వాత కొట్టుకోవాలి. ముందు కొట్టి తర్వాత కడిగితే మందు బేసిన్ పాలు. మిగిలిన నీళ్ళు రేపటికి దాచకండి, పాత్ర కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

గొంతు నొప్పికి గ్లాసుడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయడం అందరికీ తెలిసిందే, ఏ ఉప్పైనా ఒకటే.

ఉప్పు మూట కాపడం పాత మోకాళ్ళ అరుగుదల నొప్పికి, నడుము పట్టేసినప్పుడు నిజంగా హాయినిస్తుంది. ఆ హాయి వేడిది. ఉప్పు ఆ వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది, అంతవరకే దాని పని. పావు కిలో కల్లుప్పు ఇనప మూకుడులో మధ్యస్థం మంట మీద ఐదారు నిమిషాలు వేయించాలి. పలుకుల లోపల చిక్కుకున్న నీరు ఆవిరై ఉప్పు చిట్లి కళ్ళలోకి ఎగురుతుంది, అందుకని మొదట్లో మూత పెట్టాలి. మందపాటి నూలుగుడ్డ రెండు మడతలు వేసి మూట కట్టాలి. పాలియెస్టర్ చున్నీలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. మూటను ముందు మీ మోచేతి లోపలివైపు పది సెకన్లు పెట్టి చూసుకుని, ఆ తర్వాత ఒకచోట ఆపకుండా అద్దుతూ 10 నుంచి 15 నిమిషాలు కాయాలి. బామ్ రాసిన చోట వద్దు, చర్మం కాలుతుంది. మధుమేహంతో పాదాల స్పర్శ పోయినవాళ్ళకు అసలు వద్దు, కాలినా తెలియదు. ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉన్న కీలు మీద కాపడం పెడితే వాపు ఇంకా పెరుగుతుంది. గౌట్ వచ్చిన బొటనవేలి మీద ఇది పెట్టి రాత్రంతా నిద్రపోలేని పరిస్థితి తెచ్చుకోకండి.

మృత సముద్రంలో స్నానంతో సొరియాసిస్ తగ్గుతుందన్నది కల్పన కాదు. కాకపోతే అక్కడ ఉప్పుతో పాటు, సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉండటం వల్ల వడగట్టుకుని వచ్చే ఎండ కూడా మందులో భాగం. బకెట్‌లో గుప్పెడు ఉప్పు వేసుకుంటే అది రాదు. ఉప్పు గదుల్లో కూర్చోబెట్టే చోట్లకు ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి వెళ్ళకండి, ఉప్పు రజను పీల్చగానే కొందరికి ఊపిరి బిగుస్తుంది. లీటర్ల కొద్దీ ఉప్పునీళ్ళు తాగి పేగులు కడిగే శంఖ ప్రక్షాళన బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులు, పేగుపుండ్లు ఉన్నవాళ్ళు చేయకూడదు. వాంతి చేయించడానికి పిల్లలకు ఉప్పునీళ్ళు పట్టడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

వాపుకు, బీపీకి వంటగదిలో చేయగలిగిన పని ఒకటే: ఉప్పు ఎంత పోతోందో కొలవడం. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తారీఖు రాయండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు 600 గ్రాములు హద్దు. కిలో ప్యాకెట్ నెలలో అయిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటినట్టు, అదీ అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, హోటల్ సాంబారు కలపకుండా. 15 గ్రాముల ఆవకాయ ముద్దలోనే ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒక్కసారిగా కోస్తే ఇంట్లో ఎవరూ తినరు. రెండు వారాలకోసారి కొంచెం చొప్పున తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. మజ్జిగలో, పెరుగన్నంలో, అన్నం వార్చేటప్పుడు వేసేది ముందు తీసేయండి. చింతపండు, నిమ్మకాయ పులుపు ఉన్నచోట ఉప్పు తగ్గినా తెలియదు.

సహజం కాదని కొందరు ఈసడించే ఒక ఉప్పుకే గట్టి ఆధారం ఉంది. నాలుగో వంతు సోడియం తీసి పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పును చైనా పల్లెల్లో సుమారు 21 వేల మంది మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు, పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటివి వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

చివరిగా పత్రికలకు ఒక విన్నపం. కీళ్ళవాతం, అధిక రక్తపోటు వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆహార పదార్థం జబ్బు తగ్గిస్తుందని చెప్పుకోవడాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు కూడా ఒప్పుకోవు. ఉప్పు గురించి ప్రకటన కానీ, ఆరోగ్య పేజీలో వ్యాసం కానీ వేసేటప్పుడు మూడు సంగతులు అడిగి వేయండి: రోజుకు ఎన్ని గ్రాములు, అందులో అయోడిన్ ఉందా లేదా, ఏ మందులు వాడేవాళ్ళు దీన్ని వాడకూడదు.

భవదీయులు,
కొందరు తెలుగు డైటీషియన్లు, ఫార్మసిస్టులు,
చెన్నై